మతగ్రంథాలూ – మంచినీళ్ళూ

పాతబస్తీలో నేను పాఠం చెప్పే కళాశాల అధ్యాపకుల గదిలో ఈ మధ్య ఒక మాట విన్నాను. ఆ మాట అన్నవాడు మతోన్మాది కాడు. మనవాడే. మార్క్సును చదివినవాడు, మన సంఘం సభలకు వచ్చేవాడు, ఈ పత్రికకు చందా కట్టేవాడు. నా తరగతిలో ఒక పిల్ల మూడు వారాలుగా రావడం లేదు. టైఫాయిడ్ అని తెలిసింది. ఆ సంగతి చెప్పగానే మిత్రుడు టీ గ్లాసు కింద పెట్టి, "ఏం చేస్తాం సార్, వాళ్ళ ఇళ్ళల్లో మందు కన్నా తాయెత్తు ముందు. మతం వదిలితే గాని జబ్బు వదలదు" అన్నాడు. గదిలో ఉన్న నలుగురమూ తల ఊపాం. నేనూ ఊపాను. ఆ తల ఊపినందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మర్నాడు ఆ పిల్ల ఇంటికి వెళ్ళాను. గోడకు మేకు కొట్టి, దానికి డాక్టరు చీటీలు వరసగా గుచ్చి ఉన్నాయి. మందులు వేళ తప్పకుండా వేస్తున్నారు. తాయెత్తు లేదని నేను అబద్ధం చెప్పను. ఉంది, పిల్ల మెడలోనే ఉంది. కాని తల్లి నాకు తాయెత్తు చూపించలేదు. నల్లా విప్పి, గిన్నె పట్టి, ఆ గిన్నె నా ముందు పెట్టింది. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చిన మొదటి పావుగంట పచ్చగా, వాసన కొడుతూ వస్తాయి. "ఐసాఇచ్ పానీ ఆతా సాబ్. దవా భీ ఇసీచ్ పానీ సే ఖిలాతే" అన్నది. మందు మింగించేది కూడా ఆ నీళ్ళతోనే.

ఈ నీళ్ళ మర్మం తెలియడానికి శాస్త్రవేత్త కానక్కరలేదు. మంచినీటి గొట్టం, మోరీ ఒకే ఇరుకు గల్లీలో పక్కపక్కన పడి ఉంటాయి. రెండూ పాతబడ్డాయి, రెండూ చిల్లులు పడ్డాయి. గొట్టంలో నీళ్ళు నిండుగా ఉన్నంతసేపు బయటి మురికి లోపలికి రాదు. సరఫరా ఆపినప్పుడు గొట్టంలో ఒత్తిడి పోతుంది. అప్పుడు చిల్లుల్లోంచి మురికిని గొట్టమే పీల్చుకుంటుంది. నీళ్ళు చాలక ఇంటింటా మోటారు బిగించుకుంటే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. ఇందులో ఖురాను ఎక్కడుంది? తాయెత్తు ఎక్కడుంది?

నేను చెప్పదలచిన విషయం ఇది. పాతబస్తీ అనారోగ్యాన్ని గురించి మన నగరంలో మూడు రకాల మాటలు చలామణీ అవుతున్నాయి. ఒకటి నిందించేవాళ్ళ మాట: జబ్బుకు కారణం మతం. రెండోది గొప్పలు చెప్పేవాళ్ళ మాట: వైద్యమంతా మా మతగ్రంథాల్లోనే ఉంది. మూడోది మన మాట, అభ్యుదయవాదుల మాట: మతగ్రంథాలతో మనకేం పని? ఈ మూడు మాటలూ పైకి ఒకదానికొకటి శత్రువుల్లా కనిపిస్తాయి. ఫలితంలో మాత్రం మూడూ ఒకటే. గొట్టం వేయవలసినవాడిని ఏ ఒక్కటీ వేలెత్తి చూపదు.

ముందు నిందించేవాళ్ళ సంగతి చూద్దాం. మతమే జబ్బుకు కారణమైతే లెక్కలు అలాగే చెప్పాలి. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ముస్లింల పేదరికాన్నీ వెనకబాటునూ కళ్ళకు కట్టించింది. ఆ నివేదికే మరో సంగతి కూడా చెప్పింది: అంత పేదరికంలోనూ ముస్లింలలో శిశుమరణాల రేటు దేశపు సగటు కన్నా కొద్దిగా తక్కువ. టీకాల విషయంలో వెనకబాటు ఉన్నదనీ, ముస్లింలు ఎక్కువగా ఉన్న పెద్ద గ్రామాల్లో వైద్య సదుపాయాల కొరత ఉన్నదనీ కూడా అందులోనే ఉంది. "మతం వదిలితే గాని జబ్బు వదలదు" అనే మిత్రుడు ఈ అంకెలను ఏ అరలో సర్దుతాడు? బిడ్డల్ని బతికించుకోవడంలో తల్లులు ముందున్నారు; ఆస్పత్రిని ఊరికి తేవడంలో ప్రభుత్వం వెనక ఉంది. నివేదిక తేల్చిన సారాంశం నాకు ఇలాగే అర్థమయింది.

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఏం జరిగిందో పాఠకులకు నేను జ్ఞాపకం చెయ్యనక్కరలేదు. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన ఒక సమావేశాన్ని పట్టుకొని, ఒక అంటువ్యాధికి ఒక మతం పేరు పెట్టేశారు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, ఆ సమావేశానికి వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వాళ్ళను బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. తీర్పు వచ్చేసరికి కూరగాయల బండివాళ్ళ పేర్లు అడిగి తరిమేసిన వీధులు మనకు మిగిలిపోయాయి.

ఈ రోగం కొత్తది కాదు. 1848లో ఎగువ సిలీషియాలో టైఫస్ జ్వరం చెలరేగినప్పుడు ప్రష్యా ప్రభుత్వం రుడాల్ఫ్ విర్కో అనే యువ వైద్యుణ్ణి విచారణకు పంపింది. అక్కడివాళ్ళు పోలిష్ మాట్లాడే పేదలు, కాథలిక్కులు. విర్కో వాళ్ళ మతాచార్యులను విడిచిపెట్టలేదు, గట్టిగానే విమర్శించాడు. కాని అక్కడితో ఆగలేదు. ఆకలినీ, చదువు లేకపోవడాన్నీ, పాలకుల నిర్లక్ష్యాన్నీ లెక్కవేసి, రోగానికి చికిత్సగా ప్రజాస్వామ్యాన్నీ, విద్యనూ, ప్రజల భాషకు అధికార స్థానాన్నీ, బాటలనూ కోరాడు. మతాన్ని విమర్శించడం తప్పని నేననడం లేదు. విమర్శ అక్కడే ఆగిపోతే అది పాలకులకు చేసే ఊడిగమవుతుందని అంటున్నాను.

"మరి పోలియో చుక్కల్ని కాదన్నది ఎవరు?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో కొన్ని ముస్లిం వాడల్లో ఈ శతాబ్దం తొలి ఏళ్ళలో చుక్కల మందును వద్దన్న మాట నిజం. ఎందుకు వద్దన్నారు? జ్వరానికి డాక్టరు రాడు, మోరీ తీసేవాడు రాడు, చుక్కల మందు మాత్రం మాటిమాటికీ తలుపు తడుతుంది. పేదవాడికి అనుమానం రావడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఎమర్జెన్సీ నాటి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జ్ఞాపకం ఒకవైపు ఉండనే ఉంది. ఆ అనుమానాన్ని పోగొట్టింది పోలీసులు కాదు, ఉపన్యాసాలు దంచిన మేధావులు కాదు. అలీగఢ్, జామియా మిల్లియా విశ్వవిద్యాలయాల వాళ్ళూ, ఉలమాలూ, ఆ వాడల ఆడవాళ్ళే అయిన కార్యకర్తలూ ఇంటింటికీ తిరిగి పోగొట్టారు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదయింది; 2014 మార్చిలో మన ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అదే 2011లో ఏమయిందో కూడా చెప్పాలి. బిన్ లాడెన్ జాడ తీయడానికి అమెరికా గూఢచారి సంస్థ అబ్బొత్తాబాద్‌లో టీకాల కార్యక్రమం ముసుగు వేసింది. ఇక మీదట టీకాల పేరుతో అలాంటి పని చెయ్యబోమని 2014లో శ్వేతసౌధం ఒప్పుకోవలసి వచ్చింది. "ముస్లింలు టీకాలను అనుమానిస్తారు" అని వెక్కిరించేవాళ్ళు ఈ వాక్యాన్ని కూడా తమ పుస్తకంలో రాసుకోవాలి.

ఇక గొప్పలు చెప్పేవాళ్ళ మాట. వీళ్ళ దగ్గర సరుకు లేకపోలేదు. కావలసినంత ఉంది. 1591లో కట్టిన ఈ నగరంలో నాలుగేళ్ళకే, 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్ షా దారుల్‌షిఫా కట్టించాడు. అందులో చికిత్సా జరిగింది, యునానీ బోధనా జరిగింది. పదో శతాబ్దపు వైద్యుడు అల్ రాజీ మశూచినీ తట్టునూ వేరుచేసి వర్ణించినవాడు. ఆయన వైద్య సంకలనం 'అల్ హావీ' అరబ్బీ మూలాన్ని ఇరవై మూడు సంపుటాలుగా అచ్చువేసిన నగరం బాగ్దాదు కాదు, కైరో కాదు, మన హైదరాబాదు. 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1955లో ఆ పని మొదలుపెట్టింది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాష అయిన ఉర్దూలో ఆధునిక వైద్యం బోధించింది. అందుకోసం తర్జుమా శాఖ పారిభాషిక పదాలను తయారుచేసింది. ఇవన్నీ గర్వపడవలసినవే. నేనూ గర్వపడతాను.

కాని అల్ రాజీని అచ్చువేసిన నగరంలో ఫుట్‌పాత్ మీద అమ్ముడుపోతున్నదేమిటి? నల్లజీలకర్రతో సకల రోగాలూ పోతాయని చెప్పే చిన్న పుస్తకాలు. వాటి మీద ప్రవక్త వైద్యమని పేరు. ఈ పుస్తకాలకు జవాబు చెప్పడానికి మార్క్స్ దాకా వెళ్ళనక్కరలేదు, ఇబ్న్ ఖల్దూన్ చాలు. పద్నాలుగో శతాబ్దంలోనే ఆయన తన 'ముఖద్దిమా'లో ఈ సంగతి తేల్చాడు: సంప్రదాయ కథనాల్లో కనిపించే వైద్యం ఆనాటి ఎడారి జనుల అనుభవ వైద్యం, అది దైవసందేశంలో భాగం కాదు, ప్రవక్త వచ్చింది ధర్మం చెప్పడానికే గాని వైద్యం చెప్పడానికి కాదు. ఆ కాలంలోనే గ్రెనడాలో ఇబ్నుల్ ఖతీబ్ ప్లేగు అంటువ్యాధి అని కళ్ళారా చూసినదాన్ని బట్టి వాదించాడు. కళ్ళకు కనిపించే సాక్ష్యం ముందు కథనానికి వేరే అర్థం చెప్పుకోవలసిందేనన్నాడు. వీళ్ళ పేర్లు చెప్పి మీసం మెలేసేవాళ్ళు వీళ్ళ వాదాన్ని మాత్రం మడిచి దాచేస్తారు. పూర్వీకుల ఫోటోకు దండ వేసి, వాళ్ళు రాసిన కాగితాలను చెదలకు వదిలేసినట్టుంది వ్యవహారం.

పన్నెండో శతాబ్దం తొలి ఏళ్ళలో కన్నుమూసిన ఘజాలీ మరొక మాట అన్నాడు, ఈనాటి ప్రజారోగ్య గ్రంథాలు చదివేవాళ్ళు ఆగి వినవలసిన మాట. వైద్యం 'ఫర్జ్ కిఫాయా' అన్నాడు. అంటే ఊరిలో ఎవరో ఒకరు తప్పక చెయ్యవలసిన పని. ఎవరూ చెయ్యకపోతే పాపం ఊరందరిదీ. ఊరినిండా ధర్మశాస్త్ర పండితులే తయారవుతున్నారు, వైద్యం నేర్చుకునే వాళ్ళు లేరని ఆయన ఆక్షేపించాడు కూడా. ఆరోగ్యం ఒక్కొక్కడి అదృష్టమూ కాదు, ఒక్కొక్కడి తప్పూ కాదు, సమష్టి బాధ్యత అనడానికి ఇంతకన్నా దగ్గరి భావం ఇంకొకటి ఉందా? పాతబస్తీ వేదికల మీద గొప్పలు చెప్పే పెద్దలు ఈ సూత్రాన్ని ఒక్కసారి మోరీకి అన్వయించి చూపమనండి. గల్లీలో గొట్టం బాగుచెయ్యని పాపం ఎవరిదో పేరు పెట్టి చెప్పమనండి. చెప్పరు. ఆ పేర్లున్నవాళ్ళే ఎన్నికలనాడు వాళ్ళ పక్కన కుర్చీల్లో కూర్చుంటారు.

ఇక మన సంగతి. అసలు బాధ ఇక్కడే ఉంది.

ఇక్బాల్ తన 'ఇస్లాంలో మతభావ పునర్నిర్మాణం' ఉపన్యాసాలలో కొన్నింటిని 1929లో మద్రాసులోనూ హైదరాబాదులోనూ చదివాడు. 1930లో అవి పుస్తకమయ్యాయి. ఆ పుస్తకంలో 'ఇజ్తిహాద్', అంటే స్వతంత్ర విచారణతో ధర్మాన్ని నిర్ణయించే హక్కు, మీద ఒక అధ్యాయం ఉంది. నేటి కాలంలో ఆ హక్కు ఏ ఒక్క పండితుడి సొత్తూ కాకుండా ప్రజలెన్నుకున్న శాసనసభకు చెందాలని ఆయన వాదించాడు. ఫజ్లుర్ రహమాన్ అనే పండితుడు తన భావాల కారణంగా చెలరేగిన అలజడిలో 1968లో పాకిస్తాన్ విడిచిపోవలసి వచ్చింది. చికాగోలో పాఠం చెబుతూ 1987లో ఇస్లాం సంప్రదాయంలో ఆరోగ్యాన్నీ వైద్యాన్నీ గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. మత సంప్రదాయంలో ఏది కాలానికి లోబడినది, ఏది విలువగా నిలిచేది అని వేరుచెయ్యడం ఆయన జీవితకాలపు కృషి. ఈ రెండు పుస్తకాలనూ మనలో ఎందరు చదివారు? నేను తెలుగులో ఎం.ఏ. చదివాను. చిలుకూరి నారాయణరావుగారి 'ఆంధ్ర భాషా చరిత్రము'ను పరీక్ష కోసం వల్లె వేశాను. ఆ నారాయణరావుగారే ఖురానును తెలుగు చేశారన్న సంగతి ఎం.ఏ. అయిన చాలా ఏళ్ళకు గాని నాకు తెలియలేదు. ఇది నా ఒక్కడి అజ్ఞానమే అయితే బాగుండును. 1998లో 'జల్‌జలా' వచ్చి ముస్లిం కవులు తెలుగులో తమ బతుకు చెప్పుకున్నప్పుడు మనం చప్పట్లు కొట్టాం. వాళ్ళ ఇళ్ళల్లో జరిగే ఆలోచననూ, వాదోపవాదాలనూ తెలుసుకోవాలని మాత్రం అనుకోలేదు.

"మతగ్రంథాలు చదవమంటున్నావు, ఇది పునరుద్ధరణవాదం కాదా?" అని కొందరు మిత్రులు కోప్పడవచ్చు. చదవడం వేరు, మొక్కడం వేరు. సిటీ కాలేజీలో ఉర్దూ పాఠం చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్‌కు తన జనం సంప్రదాయమంతా కరతలామలకం. అయినా కమ్యూనిస్టు అయ్యాడు. తెలిసినవాడు కాబట్టే ఆయన మాట పాతబస్తీ గల్లీలోనూ చెల్లింది. తెలియని మన మాట అధ్యాపకుల గది దాటడం లేదు.

మరొక ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది. "పేదరికమే కారణమైతే వర్గదృష్టి చాలదా? ఇక్బాల్ చదివితే గొట్టం బాగవుతుందా?" కాదు. ఏ గ్రంథమూ గొట్టం వెయ్యదు. ఆధునిక ఇస్లామీయ చింతనలో ఉన్న లోటు కూడా ఇదే: ఇజ్తిహాద్ మీద ఎంత సూక్ష్మంగా తర్కించినా, ఆ విచారణను నీళ్ళ మీద, కూలి మీద, పన్ను సొమ్ము మీద ప్రయోగించినది తక్కువ. కాని ప్రజారోగ్య గ్రంథాల లోటు కూడా చూడండి. 1978లో అల్మా-ఆటాలో ప్రపంచ దేశాలు 2000 నాటికి అందరికీ ఆరోగ్యమని వాగ్దానం చేశాయి. తమ ఆరోగ్య వ్యవస్థను నిర్ణయించడంలో పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత అన్నాయి. ఆ సిరా ఆరకముందే, 1979లో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇటలీలోని బెలాజియోలో సమావేశం పెట్టించింది. ఆరోగ్యమంతా ఖర్చు, ఎంచుకున్న నాలుగు జబ్బులు చాలు అనే వాదం అక్కడ బలం పుంజుకుంది. నీళ్ళూ మోరీలూ జాబితాలోంచి జారిపోయాయి. టీకా మిగిలింది. టీకా గొప్పదే, కాని చుక్కల మందు తప్ప ఇంకేమీ రాని తలుపు దగ్గర అనుమానం ఎలా పుట్టిందో పైన చెప్పాను. ప్రజలు పాల్గొనాలంటే వాళ్ళ న్యాయభావం ఏ మాటల్లో ఉందో ఆ మాటల్లో వాళ్ళతో మాట్లాడాలి. ఫర్జ్ కిఫాయా అన్న మాట తెలిసిన తల్లికి ప్రజారోగ్యమంటే ఏమిటో నేను కొత్తగా నేర్పనక్కరలేదు. ఆ మాటను మసీదు గోడ లోపల నుంచి మునిసిపాలిటీ గుమ్మం ముందుకు తేవడమే మన పని.

పాలకులకు చేతకాక కాదు, గొట్టాలు బాగుపడనిది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలు తీసుకున్నది. ఆ దెబ్బతో విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920 నాటికి ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ లేచి నిలబడ్డాయి. ఒక రాచరికం చెయ్యగలిగిన పని ఇది. వరద మేడకూ గుడిసెకూ తేడా చూడదు కాబట్టి చేసింది. మోరీ నీళ్ళు అలా కాదు. అవి గల్లీని ఎంచుకొని వస్తాయి. 2009 మేలో ముషీరాబాద్ వైపు భోలక్‌పూర్‌లో మురికి కలిసిన నల్లా నీళ్ళు తాగి పది మందికి పైగా చనిపోయారు. 2016లో అంబర్‌పేట దగ్గర తీసిన మురుగునీటి నమూనాలో, టీకా నుంచి పుట్టిన రెండో రకం పోలియో క్రిమి దొరికింది. ఏ పిల్లకూ జబ్బు రాకముందే, ఆ జూన్‌లో నగరంలోనూ రంగారెడ్డి జిల్లాలోనూ దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు సూదిమందు వేశారు. తల్లులు పిల్లల్ని తీసుకొచ్చారు, వేయించారు. మురుగును పరీక్షించడం చేతనవును, వారంలో లక్షల సూదులు వెయ్యడం చేతనవును. ఆ మురుగును మంచినీటికి దూరంగా పెట్టడం మాత్రం చేతకాదంటే నమ్మేదెవరు? 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ ఇళ్ళల్లో బురద నిండినప్పుడు కూడా, చెరువులూ నాలాలూ ఎవరు మింగారని అడగవలసిన చోట, అక్కడ ఇళ్ళెందుకు కట్టుకున్నారని పేదవాణ్ణే అడిగారు.

కాబట్టి సాటి అధ్యాపకులకూ విద్యార్థి మిత్రులకూ నా మనవి ఇది. మన గ్రంథాలయాల్లో మతగ్రంథాల బీరువా ఒక గోడకు, ఆరోగ్య శాస్త్రపు బీరువా ఎదురు గోడకు ఉంటాయి. మధ్యలో నడిచేవాడు లేడు. ఇబ్న్ ఖల్దూన్ వైద్యం గురించి రాసిన పుటలూ, ఘజాలీ ఆక్షేపణా, ఇక్బాల్ ఇజ్తిహాద్ అధ్యాయం, ఫజ్లుర్ రహమాన్ గ్రంథం, వాటి పక్కనే విర్కో నివేదిక, అల్మా-ఆటా ప్రకటన – ఇవి చవకగా, చదవగలిగే తెలుగులో రావాలి. ఉర్దూ వచ్చిన మిత్రులూ తెలుగు వచ్చిన మిత్రులూ కలిసి కూర్చుంటే అయ్యే పని ఇది. దీనికి ఏ అకాడమీ అనుమతీ అక్కరలేదు. దానితోపాటు ఒక నోటుబుక్కు కావాలి. ఏ గల్లీకి ఏ రోజు నీళ్ళు వచ్చాయి, ఎంతసేపు వచ్చాయి, ఏ రంగులో వచ్చాయి, ఆ నెలలో ఆ గల్లీలో ఎంతమంది జ్వరపడ్డారు – మా కళాశాల పిల్లలు రాయగలరు. ఈ లెక్క లేకుండా చేసే వాదం గాలిమాట. ఆ పుస్తకాలు లేకుండా రాసే లెక్క చదివేవాడు లేని లెక్క.

ఆ పిల్ల పోయిన సోమవారం తరగతికి వచ్చింది. చిక్కిపోయింది. మెడలో తాయెత్తు అలాగే ఉంది, సంచిలో ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళ సీసా ఉంది. మా మిత్రుడు తాయెత్తును చూసి నాకేసి చూశాడు. నేను ఈసారి తల ఊపలేదు. ఆ నీళ్ళు కాయడానికి నెలకు ఎంత గ్యాసు ఖర్చవుతుందో, ఆ ఖర్చు ఎవరు భరించవలసినదో లెక్క కట్టి చెప్పమని ఆయన్ను అడిగాను. జవాబు కోసం చూస్తున్నాను.